బిల్లుల బాకీ తప్పు చూపిస్తోందా? ముడి ఎక్కడుందో చూడండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో లెక్కలు రాసేవాళ్ళకి ఇది రోజూ ఉండేదే. తోతాపురి సీజన్ అయ్యాక పార్టీ ఒక బిల్లుకి మూడు దఫాలుగా డబ్బు వేస్తుంది, ఇంకోసారి ఒక్క పేమెంట్‌తోనే రెండు మూడు పాత బిల్లులు తీర్చేస్తుంది. అందుకే బిల్లుల షీటుని నేరుగా రసీదుల షీటుతో కలపకండి.

లక్ష రూపాయల బిల్లుకి 60,000 ఒకసారి, 25,000 ఒకసారి వచ్చాయనుకోండి. నేరుగా కలిపితే ఆ బిల్లు రెండు వరుసల్లో పడుతుంది, మొత్తం 2,00,000 అవుతుంది, బాకీ 15,000కి బదులు 1,15,000 చూపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని పార్టీకి ఫోన్ చేస్తే మన మాటకి విలువేం ఉంటుంది?

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో డబ్బుకీ బిల్లుకీ అసలు ముడి పడేది రసీదు ఎంట్రీలో 'అగైనెస్ట్ రెఫ్' (ఫలానా బిల్లుకి) అని బిల్లు నంబరు ఎంచుకున్నప్పుడే. 'ఆన్ అకౌంట్' (పార్టీ ఖాతాలో ఊరికే జమ) అని వదిలేస్తే ఆ డబ్బు ఏ బిల్లుకీ చేరదు, తర్వాత ఏ క్వెరీ రాసినా దొరకదు. కాబట్టి ముందు ఆ ఎంట్రీలు సరిచేయండి, విసుగైనా సరే.

తర్వాత, మార్చి 31 నాటి బాకీ తేల్చాలంటే, ఆ తేదీ వరకు ఉన్న బిల్లులు ఒక షీటుగా, ఏ బిల్లుకి ఎంత సర్దారన్నది ఇంకో షీటుగా ఎక్సెల్‌కి తీయండి. సర్దుబాట్లంటే రసీదులే కాదు, క్రెడిట్ నోట్లు (బిల్లు మొత్తంలో తగ్గింపు ఇచ్చిన కాగితాలు), బిల్లుకి సర్దిన జర్నల్ ఎంట్రీలు (డబ్బు చేతులు మారకుండా ఖాతాల మధ్య వేసేవి) కూడా. ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ (డేటాని శుభ్రం చేసి కలిపే సాధనం)లో ముందు సర్దుబాట్లని మార్చి 31 వరకే ఫిల్టర్ చేసి, పార్టీ పేరు, బిల్లు నంబరు రెండింటి మీదా గ్రూప్ బై పెట్టి (అంటే ఒకే బిల్లు వరుసల్ని ఒకచోట చేర్చి) మొత్తం తీయండి, అప్పుడు బిల్లుకి ఒక్క వరుసే మిగులుతుంది. కలిపాక తేదీ ఫిల్టర్ పెడితే మాత్రం ఏప్రిల్‌లో డబ్బు వచ్చిన బిల్లు, మార్చి 31న బాకీ ఉన్నా సరే, రిపోర్టులోంచే మాయమవుతుంది.

ఇప్పుడు బిల్లుల షీటు పైన ఉంచి ఈ మొత్తాలతో మెర్జ్ చేయండి (కలపండి), పైషీటు వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ ఔటర్ ఎంచుకోండి. ఒక్క రూపాయి రాని బిల్లులు కూడా నిలుస్తాయి, మనకి కావాల్సింది అవే కదా! వాటి పక్కన నల్ (అంటే ఖాళీ) పడుతుంది, దాన్ని సున్నాగా మార్చాకే తీసివేత చేయండి, లేకపోతే బాకీ కూడా నల్లే వస్తుంది.

చివర్లో బాకీల మొత్తంలోంచి సర్దని అడ్వాన్సులు, ఆన్ అకౌంట్ రసీదులు తీసేసి మార్చి 31 నాటి సండ్రీ డెటర్స్ (మనకి బాకీ ఉన్న పార్టీల గ్రూపు) నిల్వతో పోల్చండి. తేడా వస్తే ముందు వెతకాల్సింది బిల్‌వైజ్ (బిల్లువారీ లెక్క) ఆన్ చేయని పార్టీ లెడ్జర్ల (ఖాతాల) కోసం.