పర్లాకిమిడిలో పోస్టింగా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

పాతపట్నం నుంచి మహేంద్రతనయ దాటితే ఒడిశా. కానీ పర్లాకిమిడిలో దిగగానే చెవిన పడేది తెలుగే. ఆటో, టిఫిన్ కొట్టు, కూరల బజారు, అన్నీ మనవే అనిపిస్తాయి. బోల్తా పడేది అక్కడే. చిన్న లోన్ల కంపెనీలో పనికి వెళ్ళిన నేను మొదటి నెల ఒక్క ఒడియా ముక్క నేర్చుకోలేదు. అద్దె అగ్రిమెంట్ ఒడియాలో ఉంటే నవ్వుతూ సంతకం పెట్టేశాను. ఇల్లు ఖాళీ చేసే రోజున తెలిసింది, మూడు నెలల ముందు చెప్పకపోతే అడ్వాన్సు రాదని. కాబట్టి ఏ కాగితమైనా ఒడియా చదవగలిగిన వాళ్ళతో చదివించుకున్నాకే సంతకం.

మాటల్లో 'కాలి'తో జాగ్రత్త. ఒడియాలో నిన్నకూ రేపుకూ అదే మాట. ఒకాయన "కాలి" అంటే రేపు కడతాడనుకుని వచ్చేశాను. ఆయన నిన్ననే మా ఇంకో కుర్రాడికి కట్టేశాడట! 'గత కాలి'నా, 'ఆసంతా కాలి'నా అని అడగండి. 'దేఢ శహ' అంటే నూట యాభై, 'అఢేయి శహ' అంటే రెండొందల యాభై. పెద్దవాళ్ళను 'తుమే' అనకండి, 'ఆపణ' అనాలి.

దోమతెర మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల్లో మలేరియా మామూలు జ్వరంలా మొదలవుతుంది. ఫాల్సిపారం రకమైతే రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. కుట్టిన వెంటనే జ్వరం రాదు, వారం పది రోజులు పడుతుంది. సెలవుకి ఇంటికొచ్చాక ఒళ్ళు కాలితే, కొండ ఊళ్ళు తిరిగొచ్చానని డాక్టరుకు మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దు. 1880లో ఇదే ఊరికి బడిపంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం ఈ కొండలు తిరిగి, మలేరియాకు క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. మనకు మందులు మెరుగయ్యాయి గానీ దోమ అదే.

వానాకాలంలో చేరేవాళ్ళకు ఇంకో మాట. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. రెండు రోజులు వరసగా వాన పడితే ఘాట్ రోడ్డు మీద టార్గెట్ గురించి ఆలోచించకండి. మేనేజర్ ఫోన్ చేస్తే "దారి లేదు సార్" అనండి, అంతే. మామూలు రోజుల్లోనూ ఏ ఊరికి వెళ్తున్నారో రూమ్మేట్‌కి చెప్పి, చీకటి పడకముందే దిగిపోండి. 112కి ఫోన్ చేయాల్సి వస్తే ముందు జిల్లా పేరు చెప్పండి, సరిహద్దులో ఫోన్ ఏ రాష్ట్రపు టవర్ పట్టుకుందో మనకు తెలియదు.

సవర ఇళ్ళ గోడల మీద బొమ్మలు కనిపిస్తే వెంటనే ఫొటో తీసేయకండి. అవి దేవతలకు, పితరులకు వేసినవి, అలంకారానికి కాదు. ఇంటివాళ్ళను అడగండి. చంద్రగిరి వైపు పనిపడితే అక్కడ టిబెటన్లుంటారు. వాళ్ళతో హిందీ కూడా అవసరపడొచ్చు.

జూన్ మధ్యలో రొజొ పండగ మూడు రోజులూ వసూళ్ళు, సర్వేలు పెట్టుకోవద్దు, ఎవరూ దొరకరు. దొరికినా పోడో పిఠా అనే పిండివంట పెట్టి పంపిస్తారు.

ఏపీ నంబరు బండి తీసుకెళ్తే ఏడాది దాటాక అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి ఏపీలోని మన ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. నాకు పదమూడో నెలలో, అదీ రోడ్డు మీద బండి ఆపినప్పుడు తెలిసింది.