మధుమేహ ముప్పును ఏ వరుసలో అంచనా వేసుకోవాలి?

గంటల తరబడి కూర్చుని పనిచేసే నగరవాసులలో టైప్ 2 మధుమేహం ఏ లక్షణమూ లేకుండానే ఏళ్లపాటు ఉండిపోవచ్చు. అందువల్ల ముప్పును ముందుగానే అంచనా వేసుకోవాలి, అదీ ప్రయోగశాలకు వెళ్లకముందే, కుటుంబ చరిత్రతో మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఎవరికి, ఏ వయసులో షుగర్ వచ్చిందో రాసి పెట్టుకోండి. చాలామంది వయసు సంగతి వదిలేస్తారు కానీ, వైద్యునికి దారి చూపేది అదే. వరుసగా రెండు మూడు తరాలలో, పాతికేళ్లలోపే, సన్నగా ఉన్నవారికి కూడా వస్తుంటే అది ఒకే జన్యువులోని మార్పు వల్ల కలిగే ఎంఓడీవై రకం కావచ్చు. జన్యుపరీక్ష నిజంగా అవసరమయ్యేది ఇక్కడే, ఎందుకంటే దాని ఫలితాన్ని బట్టి మందే మారిపోవచ్చు.

తర్వాత నడుము కొలవండి. దక్షిణాసియా మూలాలున్న పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే జాగ్రత్త పడాలి.

ఇక రక్తపరీక్షలు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం, కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేయించిన పరీక్షలో గ్లూకోజు డెసిలీటరు రక్తానికి 100 నుంచి 125 మి.గ్రా. ఉంటే మధుమేహానికి ముందస్తు దశ (ప్రీడయాబెటిస్), 126 లేదా ఎక్కువైతే మధుమేహం. గత రెండు మూడు నెలల గ్లూకోజు సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షకు ఈ హద్దులు 5.7, 6.5 శాతం. లక్షణాలు లేనప్పుడు ఒక్క ఫలితంతో నిర్ధారణకు రాకూడదు, రెండో పరీక్ష కూడా దాన్ని బలపరచాలి. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలోనూ దాన్ని నమ్మలేం. అలాంటివారు గ్లూకోజు పరీక్షపైనే ఆధారపడాలి.

సాధారణ టైప్ 2లో జన్యువుల పాత్ర వేరు. ముప్పును పెంచే రూపాంతరాలు (జన్యువులలోని చిన్న తేడాలు) వందల్లో ఉన్నా, విడిగా ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే. వాటిలో బలమైనదిగా పేరున్న టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని రూపాంతరం సైతం, తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చిన ఒక ప్రతి ఉన్నవారిలో ముప్పును సుమారు 1.4 రెట్లు మాత్రమే చేస్తుంది. కనుక డబ్బు పెట్టి జన్యుపరీక్ష చేయించుకున్నా, కుటుంబ చరిత్ర, నడుము, గ్లూకోజు చెప్పినదానికి అది కలిపేది కొంచెమే.

పైగా అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనంలో, ముందస్తు దశలో ఉన్నవారు వారానికి 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకోగా, మధుమేహం బారిన పడటం 58 శాతం తగ్గింది. టీసీఎఫ్7ఎల్2 ముప్పు రూపాంతరం రెండు ప్రతులూ ఉన్నవారిలో సైతం ఈ మార్పులు ఆ ప్రభావాన్ని చాలావరకు తగ్గించాయి. ముందస్తు దశ అని తేలినవారు ఈ లక్ష్యాలను వైద్యునితో మాట్లాడి మొదలుపెట్టి, ఏటా గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.