లిబ్రెఆఫీస్ ఫైల్ వర్డ్‌లో చెదరకుండా పంపడం ఎలా?

మనం లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో రాసి పంపుతాం, అవతలివాళ్లు మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో తెరుస్తారు. పేజీలు జరిగిపోతే "ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంతే" అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఫైల్ తయారుచేసిన తీరులోనే ఉంటుంది.

ముందు ఫైల్‌ను ఓడీటీగా, అంటే లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్‌లో (.odt) సేవ్ చేయండి. మీ అసలు ప్రతి ఎప్పుడూ అదే. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. ఖాళీ లైన్లు కొట్టుకుంటూ కిందికి పోవద్దు.

ఇక ఫాంట్. అందరూ దెబ్బతినేది ఇక్కడే. లిబ్రెఆఫీస్ మామూలుగా లిబరేషన్ సెరిఫ్‌లో రాస్తుంది. వర్డ్ ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫాంట్ సాధారణంగా ఉండదు కాబట్టి వర్డ్ ఇంకోటి పెట్టుకుంటుంది. అక్షరాల వెడల్పు మారితే లైన్లు వేరేచోట విరుగుతాయి. నేనొకసారి పంపిన 12 పేజీల రిపోర్టు అక్కడ 13 పేజీలైంది, చివరి పేజీలో సంతకం గీత ఒక్కటే మిగిలింది.

అందుకని ఎఫ్11 నొక్కి, స్టైల్స్‌లో డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, ఫాంట్ పేరు టైమ్స్ న్యూ రోమన్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. మీ దగ్గర ఆ ఫాంట్ లేకపోయినా సరే, టైప్ చేయండి. లిబ్రెఆఫీస్ మీకు లిబరేషన్ సెరిఫ్‌తోనే చూపిస్తుంది, ఫైల్‌లో మాత్రం టైమ్స్ పేరే ఉంటుంది. రెండింటి అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు కదలవు. కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకు కలాడియా, ఏరియల్‌కు లిబరేషన్ శాన్స్ ఇలాంటి జతలే. మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చడం మాత్రం వద్దు, హెడ్డింగుల ఫాంట్లు కూడా మారిపోతాయి. తెలుగు అక్షరాలకు ఈ జతలు పనికిరావు. ఇద్దరి దగ్గరా ఉన్న తెలుగు ఫాంటే వాడాలి.

తర్వాత సేవ్ యాజ్‌లో వర్డ్ ఫార్మాట్ అయిన డాక్స్ (.docx) ఎంచుకోండి. మూసి, ఆ డాక్స్‌నే మళ్లీ తెరిచి టేబుళ్లు చూసుకోండి. అవతలివాళ్లు చదవడం వరకే అయితే ఇదంతా అక్కర్లేదు, పీడీఎఫ్ పంపండి.

ఓడీటీ ఏ ఫార్మాట్ల కుటుంబంలోదో ఆ ఓడీఎఫ్ 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైంది, డాక్స్ 2008లో. అలాంటప్పుడు మనమెందుకు డాక్స్ వెంట పరుగెత్తాలి, వాళ్లే ఓడీటీ తెరుచుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. వర్డ్ ఓడీటీని తెరుస్తుంది, నిజమే. కానీ ఫార్మాటింగ్ అంతా నిలుస్తుందన్న నమ్మకం లేదు. డాక్స్ తెరవని ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ మారరు. పాత ఫైళ్లన్నీ వదులుకుని ఎవరొస్తారు? డాక్స్‌తో పొత్తు ఉండాల్సిందే. కాకపోతే అది పంపే ప్రతి వరకే. లిబ్రెఆఫీస్‌లో సేవ్ ఫార్మాట్‌ను శాశ్వతంగా డాక్స్‌కు మార్చేవాళ్లు తమ పనంతా మళ్లీ వర్డ్ ఫార్మాట్‌కే అప్పగిస్తున్నారు.

ఫైల్ మార్పులతో తిరిగొస్తే దాన్ని తెరిచి, ఎడిట్ మెనూలోని ట్రాక్ చేంజెస్‌లో కంపేర్ డాక్యుమెంట్ నొక్కి, మీ ఓడీటీని ఎంచుకోండి. మారిన మాటలు రంగుల్లో కనిపిస్తాయి. మీకు నచ్చినవి ఓడీటీలో చేర్చుకోండి.