కాల్ మొదలవగానే స్పీకర్ సౌండ్ పాడవుతోందా? నా అనుభవం

కొత్త బ్లూటూత్ స్పీకర్‌లో ఫోన్ నుంచి పాటలు పెడితే కమ్మగా వినిపించేవి. ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ మొదలుపెట్టానో లేదో, పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అయిపోయేది. కస్టమర్ కేర్‌వాళ్లు రీసెట్ చేయమన్నారు (ఎప్పుడూ చెప్పే మందే). చేశాను, ఒరిగిందేమీ లేదు.

అసలు చిక్కు స్పీకర్‌లో ఉన్న మైక్‌తో. కాల్ యాప్ ఆ మైక్‌ని వాడుకోగానే బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి (మాట్లాడటం, వినడం రెండూ ఒకేసారి జరిగే కాల్ పద్ధతి) మారుతుంది. మామూలుగా పాటలకు సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచి తీసే నమూనాలు), రెండు ఛానెళ్లు (ఎడమ, కుడి) ఉండేది కాస్తా, చాలా స్పీకర్లలో 8,000 లేదా 16,000కి, ఒకే ఛానెల్‌కి పడిపోతుంది. ఇక పాటలో జీవం ఎక్కడుంటుంది?

సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్ పెట్టాను, ఔట్‌పుట్ స్పీకర్‌కే ఉంచాను. కాల్ యాప్‌లో కూడా విడిగా మార్చాలి, అది మర్చిపోతే పని జరగదు. మార్చగానే చిన్న టిక్ శబ్దం వచ్చి, సౌండ్ ఒక్కసారిగా విచ్చుకుంది. విండోస్‌లో ఒకే స్పీకర్ రెండు పేర్లతో కనిపిస్తే ‘స్టీరియో’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

పాట మధ్యమధ్యలో తెగడం వేరే జబ్బు. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, చాలా వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గరే తోసుకుంటాయి. ల్యాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాక ఆ టెన్షన్ కూడా చాలావరకు తగ్గింది.