బొమ్మల పుస్తకం కొనేముందు
మూడు, నాలుగేళ్ల పిల్లల కోసం బొమ్మల పుస్తకం ఎంచుకునేటప్పుడు, ముందు అక్షరాల జోలికి పోకుండా బొమ్మలను మాత్రమే చూస్తూ పేజీలు తిప్పి, కథ ఎంతవరకు అర్థమవుతుందో గమనించండి. చదవడం రాని పిల్లలు పుస్తకాన్ని చూసేది అలాగే. తరువాత రెండు పేజీలు పైకి చదవండి. పిల్లలు నచ్చిన పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుంటారు కనుక, వాక్యాలు నోటికి తడబడే పుస్తకాన్ని (అనువాదాలలో ఈ ఇబ్బంది ఎక్కువ) బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. పిల్లల అభిరుచి ముందుగా తెలుసుకోవాలంటే, ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులోని తెలుగు కథలను ఉచితంగా చదివి వినిపించవచ్చు. ఈ వయసుకు అక్కడి మొదటి స్థాయి పుస్తకాలు సరిపోతాయి. ఏడాది లోపు పిల్లలు పేజీలను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, వారికి దళసరి అట్ట పేజీలున్నవే కొనండి.