సెకండ్ హ్యాండ్ కారు కొందాం – 3వ పాఠం: బండి దగ్గర నిలబడి మైలేజీ చదవడం

మీ తిరుగుడుకు నెలకు పెట్రోలు ఎంతవుతుందో, మైలేజీ బండి మీకు కలిసొస్తుందో లేదో లెక్క వేయమని పోయిన పాఠంలో చెప్పాను, చేశారా? చేయనివాళ్ల కోసం ఇంకోసారి, ఈసారి అంకెలతో సహా.

గుంటూరులో ఉంటూ విజయవాడలో ఉద్యోగం చేసేవాళ్లకు రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 25 రోజులంటే 1,750 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకుంటే, లీటరుకు 18 ఇచ్చే బండికి నెలకు సుమారు 10,700 అవుతుంది. 22 ఇచ్చే బండికి 8,750 చాలు. నెలకు దాదాపు రెండు వేల తేడా. వీళ్లకు మైలేజీ ముఖ్యమే.

అదే పటమటలో ఇల్లు, గవర్నర్‌పేటలో షాపు ఉన్నవాళ్ల సంగతి చూడండి. రోజుకు 12 కిలోమీటర్లు, నెలకు 300. టౌన్ ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇచ్చే బండికి 2,750 రూపాయలు, 15 ఇచ్చే బండికి 2,200. తేడా 550. ఈ 550 మిగుల్చుకోవడానికి లక్ష రూపాయలు ఎక్కువ పోసి మైలేజీ బండి కొంటే, ఆ లక్ష తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. కారు మొదటి రిజిస్ట్రేషన్ చెల్లేదే పదిహేనేళ్లు! అలాంటివాళ్లు మైలేజీ మాట పక్కనపెట్టి, మంచి కండిషన్‌లో ఉన్న చిన్న పెట్రోలు బండి చూసుకోవడం మేలు. డీజిల్ జోలికి అసలు పోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 కాలుష్య నిబంధనల డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ బందరు రోడ్డులో సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ ఆగే బండికి ఆ అవకాశం రాదు. ఫిల్టరు పూడుకుపోతే ఇంధనం మీద మిగిలిందంతా వర్క్‌షాపులో కట్టాల్సి వస్తుంది.

మీ లెక్క తేలింది కదా, ఇక ఇవాళ్టి పాఠం.

కంపెనీ చెప్పే మైలేజీ కొత్త బండిది, అదీ ల్యాబ్‌లో కొలిచినది. సెలేరియో 2014లో వచ్చినప్పుడు 23.1 అన్నారు, టియాగో 23.84, క్విడ్ 25.17. ఈ అంకెలు ఒక మోడల్‌ను ఇంకో మోడల్‌తో పోల్చుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే. టౌన్‌లో తిరగడానికి వాటిలో మూడో వంతు కోసేసి లెక్క వేసుకోండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్ల, దానికోసం తయారుచేయని పాత బండ్లలో ఇంకాస్త తగ్గుతుంది. ఇవన్నీ పోగా మిగిలేది మీరు చూడబోయే ఆ ఒక్క బండి ఒంటి తీరు. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి 17 ఇస్తుంది, ఇంకోటి 13 దగ్గర ఆగిపోతుంది. ఆ తేడా కొనకముందే కనిపెట్టడం నేర్చుకుంటే చాలు.

ముందు ఫోన్‌లో ఒక మాట చెప్పండి: "ఏవండీ, రేపు పొద్దున ఏడింటికి వస్తాం. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." వెళ్లగానే బానెట్ ఎత్తించి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలిందంటే మీరు రాకముందే వేడి చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ దాచుకోలేని విషయాలను వేడెక్కిన ఇంజన్ దాచేస్తుంది. ఏమీ అనకండి, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయమని, మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. నల్ల పొగ వస్తే పెట్రోలు పూర్తిగా కాలకుండా పోతున్నట్టు, అంటే మైలేజీ మీ కళ్ల ముందే గాల్లో కలుస్తోంది. చలికాలం పొద్దున్నే కాస్త తెల్లటి ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. తర్వాత ఇంజన్ ఆడుతుండగానే పైన ఆయిల్ పోసే మూత తీయించండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు, దమ్ము కొట్టినట్టు పొగ ఎగదన్నితే ఇంజన్ లోపల అరిగిపోయి బోరుకొచ్చినట్టే. మూత లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు దండిగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమోనని చూడాలి. ఇలా తేలినప్పుడు బేరం దాకా వెళ్లకుండా ఆ బండి వదిలేయడమే తక్కువ ఖర్చు.

ఇక కిలోమీటర్లు. మన దగ్గర అమ్మకానికి వచ్చిన ప్రతి బండీ డాక్టరు గారిదే, మీటరు మీద నలభై వేలు దాటదు. సూర్యారావుపేట డాక్టర్లూ, గుంటూరు కొత్తపేట డాక్టర్లూ కలిసి కొన్నా అన్ని కార్లు అవుతాయా అని నాకు ఎప్పుడూ సందేహమే. మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. కానీ అరిగినదాన్ని తిరిగి నిలబెట్టడం కష్టం. క్లచ్ పెడల్ మీది రబ్బరు గీతలు చెరిగిపోయి నున్నగా ఉన్నాయా? స్టీరింగ్ మీద చేతులు పెట్టేచోట మెరుస్తోందా? డ్రైవర్ సీటుకు తలుపు వైపు అంచు నలిగిపోయి కూలబడిందా? మీటరు 38,000 అంటుంటే ఇవన్నీ లక్ష కథ చెబుతుంటే, వీటి మాటే నమ్మండి. పెడల్ రబ్బరు మాత్రం కొత్తగా తళతళలాడుతుంటే అదీ ఒక కథే. వరుసగా సర్వీసు చేయించిన బండి అయితే ఓనరు చేతే సర్వీసు హిస్టరీ తెప్పించండి. ప్రతి సర్వీసుకూ అప్పటి కిలోమీటర్లు రాసి ఉంటాయి.

టైరు చదవడం కూడా ఇక్కడే నేర్చేసుకోండి. టైరు పక్క గోడ మీద, కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ చూసి, డిక్కీలోని స్టెప్నీ కూడా చూడండి. బండి కంటే టైర్లు చాలా కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. అన్నీ పాతవైతే, పైన గీతలు ఎంత లోతుగా ఉన్నా, కొనగానే నాలుగు టైర్ల ఖర్చు మీ నెత్తిన ఉన్నట్టే. ఆ డబ్బు బేరంలో దించండి. ఒకవైపే అరిగిన టైరు చక్రాల అలైన్‌మెంట్ తప్పిందని చెబుతుంది. అలా ఈడ్చుకుంటూ నడిచే బండి మైలేజీ ఇవ్వదు.

విజయవాడ చుట్టుపక్కల కొనేవాళ్లు ఒక పరీక్ష మాత్రం మరిచిపోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇళ్ల ముందు పెట్టిన కార్లు అద్దాల దాకా మునిగాయి. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి, పాలిష్ పెట్టి మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి, జిల్లా దాటి అమ్ముడైనవీ ఉంటాయి. ఒకప్పుడు నెంబరు చూసి ఏపీ 16 అయితే కృష్ణా, ఏపీ 07 అయితే గుంటూరు అని చెప్పేసేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇచ్చాక నెంబరు ప్లేటు ఊరు చెప్పడం మానేసింది. ఆర్‌సీలో చిరునామా చూడాలి. ఆ చిరునామా సింగ్‌నగర్‌ది అయినంత మాత్రాన బండి మునిగిందని కాదు. నీళ్లు రాకముందే వేరేచోట పెట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు. బండినే అడగండి.

ముందు సీటు బెల్టును చివరి దాకా, ఇక లాగడానికి లేనంతవరకూ బయటికి లాగండి. మునిగిన బండిని కడిగేటప్పుడు చాలామంది ఇక్కడే పొరపడతారు, చుట్టలో లోపలికి పోయిన బెల్టు కడగరు. చివరి మూర దగ్గర గోధుమరంగు మరకో, ఇంకా నలిపితే రాలే సన్నటి మట్టో కనిపించొచ్చు. బెల్టు మొదట్లో కుట్టిన చీటీ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. బండి 2018ది, బెల్టులు 2024వి అయితే ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఓనరే చెప్పాలి. తర్వాత సీటు ముందుకు జరిపి, కింద పట్టాలు బిగించిన బోల్టులు చూడండి. అక్కడ తుప్పు పట్టడానికి మామూలుగా కారణం ఉండదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగున ఒండ్రు ఉందేమో వేలితో రాసి చూడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ వేయకుండా రెండు నిమిషాలు లోపల కూర్చోండి. ముక్క వాసన వస్తే ఒక అనుమానం, ఘాటైన సెంటు గుప్పుమంటే రెండు అనుమానాలు.

కాగితం కూడా కొంత చెబుతుంది. ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు శాతం ఒకటి ఉంటుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20తో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. 2024 సెప్టెంబరు తర్వాత చేసిన మొదటి రెన్యువల్ కాపీ అడగండి. అంతకుముందు ఏడాది 45 ఉండి ఆ ఏడాది సున్నా అయితే ఎందుకైందో ఓనరు చెప్పాలి. పాలసీ 90 రోజులకు మించి తెగిపోయినా సున్నా అవుతుంది కాబట్టి నేరం మోపకుండా మామూలుగానే అడగండి. అయితే క్లెయిమ్ పెట్టకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకున్నవాళ్లూ ఉంటారు. అందుకే సీటు బెల్టు పరీక్షను ఈ కాగితంతో సరిపెట్టొద్దు.

మునిగిన బండి సగం ధరకు వచ్చినా తీసుకోవద్దన్నది నా మాట. ఇంజన్ బాగుచేయొచ్చు. వైర్ల జాయింట్లలో చేరిన తడి మాత్రం నెలల తర్వాత పచ్చటి తుప్పుగా బయటపడుతుంది, ఒకరోజు లైట్లు ఆరిపోతాయి, ఇంకోరోజు బండి రోడ్డు మధ్యలో నిలిచిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ అవసరమైనప్పుడు తెరుచుకుంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎయిర్‌బ్యాగ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా: 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. బడ్జెట్ సరిపోతే అక్కడి నుంచి ఇటువైపు తయారైన బండే చూడండి.

ఇక నడిపి చూడటం. ఐదు నిమిషాలు వీధి చుట్టూ తిప్పి తేవడం టెస్ట్ డ్రైవ్ కాదు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించండి. ఎక్కేటప్పుడు మూడో గేరులో ఉండి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజన్ రొద పెరిగి బండి మాత్రం వేగం పుంజుకోకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. జారే క్లచ్ పెట్రోలు తాగుతుంది. వారధి దాటి మంగళగిరి వైపు హైవే మీద కాసేపు 70, 80లో వెళ్లండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా? తర్వాత చదునైన ఖాళీ రోడ్డులో మెల్లగా వెళ్తూ న్యూట్రల్ వేసి వదిలేయండి. బండి తేలిగ్గా దొర్లుతూ పోవాలి, ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఆగిపోకూడదు. దిగాక నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి, తాకకుండానే వేడి చూడండి. ఒక చక్రం మిగతావాటి కంటే బాగా కాలుతుంటే ఆ బ్రేకు పట్టేసుకుని ఉంటోంది.

డ్యాష్‌బోర్డు తెర మీద సగటు 24 చూపిస్తుంటే పొంగిపోవద్దు. దాన్ని ఎవరైనా సున్నా చేయొచ్చు, హైవే మీద నెమ్మదిగా తోలి పెంచొచ్చు. మీరు నడపడం మొదలుపెట్టేముందు సున్నా చేసి, మీ పదిహేను ఇరవై కిలోమీటర్లకు ఎంత వచ్చిందో చూడండి. ఇంజన్ వేడి చూపించే ముల్లు మధ్యకు రాకుండా కిందే ఉండిపోతే ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు, అది కూడా మైలేజీ తినే జబ్బే, ఖర్చు మాత్రం పెద్దగా ఉండదు. ఏసీ పరీక్ష పొద్దున్న కుదరదు. బండి నచ్చితే ఎండ ముదిరాక మళ్లీ వెళ్లి పది నిమిషాలు నిలబెట్టి వేయండి. బెజవాడ మే నెలలో ఏసీ పనిచేయని బండికి మైలేజీ ఎంతిచ్చినా ఎక్కేవాళ్లుండరు.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అయితే ఒక్క మాట. ఆర్‌సీలో ఇంధనం పక్కన సీఎన్‌జీ అని ఉండాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేసే ఒత్తిడి పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా వద్దు.

ఇన్నీ చూశాక కూడా ఆటోనగర్‌లో మీకు తెలిసిన మేస్త్రీ చేత ర్యాంపు ఎక్కించి కింద చూపించండి. అమ్మేవాళ్లు చెప్పిన మేస్త్రీ వద్దు. చూసినందుకు ఎంత తీసుకుంటారో ముందే అడిగి ఇచ్చేయండి, బండి కొనకపోయినా సరే. ఉత్తినే చూసిపెట్టినవాళ్లకు నచ్చలేదని చెప్పడం మొహమాటం.

ఈ వారం అభ్యాసం: మీ బాబాయిదో, పక్కింటివాళ్లదో ఒక కారు అడిగి తీసుకోండి. నాలుగు టైర్లూ స్టెప్నీ తయారైన వారం, సంవత్సరం ఒక కాగితం మీద రాయండి. సీటు బెల్టులన్నీ చివరి దాకా లాగి చీటీల మీది తేదీలు రాయండి. పెడల్, స్టీరింగ్, సీటు అంచు చూసి ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటుందో మీ అంచనా ముందు రాసి, ఆ తర్వాతే మీటరు చూడండి. ఇలా మూడు నాలుగు బండ్లకు చేస్తే చెయ్యి అలవాటు పడుతుంది. వచ్చే పాఠంలో కాగితాలు: ఆర్‌సీ, ఫైనాన్సు బాకీ, చలానాలు, తెలంగాణ బండి తెస్తే ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్. మీ ఇంట్లో కారు ఉంటే దాని ఆర్‌సీ జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి.