ఫ్రాన్స్ నుంచి కెనడాలోని క్యూబెక్‌కు వలస వచ్చిన పూర్వీకుడి కూపీ లాగడం ఎలా?

ఫ్రెంచ్ ఇంటిపేరు వినగానే దాన్ని నెట్‌లో కొట్టి, ఎవరో అమ్మే వంశ చిహ్నం కొనుక్కుని గోడకు తగిలిస్తుంటారు. దయచేసి అలా చేయకండి. పేరు పట్టుకుని బయల్దేరితే ఊరూ పేరూ తెలియనివాళ్లంతా మన తాతలైపోతారు. మనిషిని పట్టుకుని ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. క్యూబెక్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగు ఇళ్లలోనూ ఇప్పుడు పిల్లల అమ్మవైపు వంశం గురించి అడుగుతున్నారు. వాళ్లకూ ఇదే చెబుతాను.

కావలసినవి ఒక నోట్‌బుక్, ఇంట్లో దొరికే పాత కాగితాలు, తాతమ్మల పెళ్లి సర్టిఫికెట్. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ తర్వాత చూసుకోవచ్చు.

ఆ పెళ్లి దగ్గర్నుంచి వెనక్కి, ఒక్కో పెళ్లి రికార్డూ తీయండి. పుట్టిన తేదీల వెంట పడకండి. క్యూబెక్ చర్చి రిజిస్టర్లు 1621 నుంచి ఉన్నాయి. పెళ్లి నమోదులో సాధారణంగా వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే రాసేవారు కాబట్టి అమ్మల వైపు కూడా దారి తెగదు. ఈ రిజిస్టర్లను ఫొటోలు తీసి దాచిన డ్రూయిన్ సేకరణలో అసలు పేజీలు దొరుకుతాయి. ఎవరో తయారుచేసిన ఇండెక్స్ చూసి సరిపెట్టుకోకండి, పేజీ మీరే చదవాలి.

ఇక్కడిదాకా సులువే. చాలామంది బోల్తా పడేది 'డి' (dit, అంటే 'అని పిలిచే') పేర్ల దగ్గర. ఇది మన 'అలియాస్' లాంటిది. 1665లో ఫ్రెంచ్ సైన్యంలోని కరిన్యా-సలియేర్ రెజిమెంట్‌తో దాదాపు 1,200 మంది సైనికులు వచ్చారు, వాళ్లలో 400 మంది దాకా క్యూబెక్‌లోనే స్థిరపడ్డారు. సైన్యంలో చాలామందికి లాఫ్లోర్, సాన్‌సూసీ, జోలికేర్ లాంటి మారుపేర్లు ఉండేవి. ఊళ్లో పిలిచే పేరే బడి రికార్డులోకి ఎక్కినట్టు, ఆ మారుపేరు పిల్లలకు ఇంటిపేరైపోయేది. హ్యూడన్ డి బోల్యూ వంశంలో కొందరు హ్యూడన్‌లుగా, కొందరు బోల్యూలుగా మిగిలారు. ఒకే తండ్రి పిల్లల్లో కూడా ఒకరి రికార్డులో ఒక పేరు, ఇంకొకరి రికార్డులో ఇంకో పేరు కనిపించవచ్చు.

అందుకే నోట్‌బుక్‌లో ఇంటిపేరుకు రెండు గడులు గీయండి. దొరికిన ప్రతి రూపాన్నీ తేదీతో సహా రాయండి. "అసలు పేరు ఇదే" అని తొందరపడి ఒకటి కొట్టేయకండి. మనిషి ఒకడేనా అన్న అనుమానం వస్తే భార్య పుట్టింటి పేరు, పిల్లల బాప్తిస్మంలో గాడ్‌ఫాదర్ పేరు, నోటరీ పత్రాలు కలిపి చూడండి. ఈ మూడింట్లో కనీసం రెండైనా కలవకపోతే నేను ఆ మనిషిని వంశవృక్షంలోకి ఎక్కించను. మీరూ ఎక్కించకూడదు. మధ్యలో ఒక తరం అమెరికా మిల్లులకు, లోవెల్‌కో వూన్‌సాకెట్‌కో వెళ్లి ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ పేరు ఇంగ్లీషులోకి మారి బువావెర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, రువా కింగ్ అయ్యాడు.

వలస వచ్చిన మొదటి మనిషి దొరికాక అతని పెళ్లి రికార్డులో ఫ్రాన్స్‌లోని సొంత పారిష్ (ఊరి చర్చి పరిధి), డయోసిస్ (బిషప్ పరిధి) కోసం వెతకండి. అక్కడ లేకపోతే నోటరీ రాసిన పెళ్లి ఒప్పందం చూడండి. చాలామంది దాని జోలికే పోరు, నాకైతే చర్చి రికార్డు కంటే అదే ముఖ్యం. లా రోషెల్ అని కనిపించగానే సొంతూరు దొరికిందని సంబరపడకండి. అది ఓడలెక్కిన రేవు కూడా. తర్వాత క్యూబెక్‌కు వచ్చిన వలసదారుల మూలాలు చూపించే ఫిషియే ఒరిజిన్ డేటాబేస్ చూసి, ఆ ఊరున్న ఫ్రాన్స్ జిల్లా ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లోకి వెళ్లండి. బాప్తిస్మాలు నమోదు చేయాలని 1539లోనే రాజాజ్ఞ వచ్చినా, చాలా ఊళ్లలో అంత పాత పుస్తకాలు మిగల్లేదు. పేజీ లేకపోతే ఖాళీగా వదిలేయండి. అదే పేరున్న ఇంకొకణ్ణి తెచ్చి అక్కడ కూర్చోబెట్టకండి.

ఇంటిపేరు పుట్టుక సంగతి ఇప్పుడు చూడాలి, ఊరు తెలిశాకే. కమ్మరికి ఫ్రాన్స్ ఉత్తరాన లెఫెవ్ర్ అనీ, దక్షిణాన ఫాబ్ర్ అనీ పేర్లు ఏర్పడ్డాయి. ట్రాంబ్లే అనేది చెట్ల తోపును బట్టి వచ్చిన పేరు. ఉత్తర అమెరికాలోని ట్రాంబ్లేల మూలపురుషుడు పియెర్ ట్రాంబ్లే 1647లో పెర్ష్ ప్రాంతంలోని రాందొనే నుంచి వచ్చాడు. ఇంటిపేర్ల పటాలు చూపించే జియోపాట్రొనిమ్ సైట్ లెక్కలు 1891 నుంచే మొదలవుతాయి. 1650ల నాటి మనిషి ఊరిని వాటితో తేల్చకండి.